హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరం, ఎన్ని గంటలు? లెక్క మీరే వేసుకోవడం ఇలా

మా పిన్నిది భీమవరం, కూతురి డెలివరీకి మొదటిసారి అమెరికా వెళ్ళాల్సి వచ్చింది, టికెట్ బుక్ చేసిన రోజు నుంచి ఎక్కేరోజు దాకా నాకు ఫోన్ చేసి ఒకటే ప్రశ్న, "ఒరేయ్ చిన్నా, మొత్తం ఎన్ని గంటల్రా?" అని. మా చెల్లి ఇరవై గంటలమ్మా అంది, ట్రావెల్ ఏజెంట్ ఇరవై రెండు అన్నాడు, వీధిలో పోయినేడు వెళ్ళొచ్చినావిడ రెండు రోజులు పట్టుద్దండీ అని భయపెట్టేసింది. విచిత్రం ఏంటంటే ముగ్గురూ అబద్ధం చెప్పలేదు, ముగ్గురూ మూడు వేర్వేరు లెక్కలు చెప్పారు అంతే. గాల్లో ఉండే టైం ఒకటి, టికెట్ మీద ఉండే టైం ఒకటి, ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి పట్టేది ఇంకొకటి. వీటికి తోడు దూరం అనేది వేరే. ఈ నాలుగూ ఎలా లెక్కేసుకోవాలో పిన్నికి చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నా, డాలస్ కాకపోయినా ఏ ఊరికైనా పద్ధతి ఇదే.

ముందు దూరం సంగతి

రోడ్డు దూరం, రైలు దూరం, విమానం దూరం మూడూ ఒకటి కావు అని అందరికీ తెలుసు కానీ ఎంత తేడా ఉంటుందో చాలామంది చూసుకోరు. హైదరాబాద్ వైజాగ్ తీస్కోండి. రైల్లో దాదాపు 700 కిలోమీటర్లు, రోడ్డు మీద 600 పైన, అదే శంషాబాద్ నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్ట్‌కి గాల్లో గీత గీస్తే 511 మాత్రమే. ఇది నేనెక్కడో చూసి చెప్పట్లేదు, కాగితం మీద వచ్చేస్తుంది, చూడండి.

గూగుల్ మ్యాప్స్‌లో ఎయిర్‌పోర్ట్ రన్‌వే మీద వేలు కాసేపు నొక్కి పడితే రెండు నంబర్లు వస్తాయి, మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. శంషాబాద్‌కి 17.24, 78.43. వైజాగ్‌కి 17.72, 83.22. అక్షాంశాల తేడా 0.48, ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు కాబట్టి 53 కిలోమీటర్లు ఉత్తరానికి. రేఖాంశాల తేడా 4.79, కానీ ఇక్కడ 111 పెట్టి గుణించకూడదు, ఎందుకంటే రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర దూరంగా ఉండి పైకి పోయేకొద్దీ దగ్గరికొచ్చేస్తాయి, బత్తాయి తొనల్లాగా. మన తెలుగు రాష్ట్రాలున్న అక్షాంశాల దగ్గర ఒక డిగ్రీకి 106 వేసుకుంటే సరిపోతుంది. 4.79ని 106తో గుణిస్తే 508. ఇప్పుడు ఎనిమిదో తొమ్మిదో తరగతిలో చదివిన పైథాగరస్ సిద్ధాంతం ఉంది కదా, 53 వర్గం, 508 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 511. అయిపోయింది. ఇదే లెక్క విజయవాడకి వేస్తే 264, తిరుపతికి వేస్తే 418 దాకా వస్తుంది.

ఈ కాగితం లెక్క దగ్గర ఊళ్ళకి బానే ఉంటుంది, కానీ దీన్ని డాలస్‌కి వాడితే ఘోరంగా తప్పొస్తుంది. ఎందుకంటే భూమి గుండ్రం, దూరం పెరిగేకొద్దీ పైథాగరస్ గారు పనికిరారు. గోడకి తగిలించిన ప్రపంచ పటం మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కి స్కేలు పెట్టి గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతుంది, అదే దగ్గరి దారి అనుకుంటాం. కానే కాదు.

నమ్మకపోతే ఇంట్లో పిల్లల గ్లోబు తీసుకుని పూలు కట్టే దారంతో చూడండి, పిన్నికి నేను చేసి చూపించింది ఇదే. ముందు దారాన్ని గ్లోబు నడుం చుట్టూ, అంటే భూమధ్యరేఖ మీద చుట్టి, ఆ ముక్కని టైలర్ టేపుతో కొలవండి. మా వాడి గ్లోబుకి 94 సెంటీమీటర్లు వచ్చింది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు, దాన్ని 94 పెట్టి భాగిస్తే ఒక సెంటీమీటరుకి 425 కిలోమీటర్లు. ఇప్పుడు దారం ఒక కొస హైదరాబాద్ మీద బొటనవేలితో నొక్కిపట్టి, రెండో కొస డాలస్ దగ్గర పెట్టి బిగించి లాగండి. దారం ఆఫ్రికా వైపు పోనే పోదు, జారిపోయి నేరుగా పైకెళ్ళిపోతుంది. ఢిల్లీ పక్కనుంచి, కశ్మీర్ మీదుగా, కజకిస్తాన్, సైబీరియా దాటి ఉత్తర ధ్రువానికి ఆనుకున్నట్టుగా పోయి కెనడా మీదుగా కిందకి దిగుతుంది. మా గ్లోబుకి పైన స్టాండు బిగించే బుడిపె ఉంటే దారం దానికి తగులుకుని నానా తిప్పలు పెట్టింది, అంత దగ్గరగా పోతుందన్నమాట ధ్రువానికి. పిన్నయితే "ఇదేంట్రా, అమెరికా పడమరన ఉందనుకున్నా, పైన ఉందా" అని నోరెళ్ళబెట్టింది. దారం కొలిస్తే 34 సెంటీమీటర్లు, 425తో గుణిస్తే 14,450. కంప్యూటర్ లెక్క 14,420 దాకా వస్తుంది. పూలదారానికి 30 కిలోమీటర్ల తప్పంటే నేనైతే మార్కులు వేస్తా.

దీన్నే గ్రేట్ సర్కిల్ దూరం అంటారు, గుండ్రటి బంతి మీద రెండు చుక్కల మధ్య అతి దగ్గరి దారి. దారం ఓపిక లేనివాళ్ళు కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి ఒక ఎయిర్‌పోర్ట్ మీద రైట్ క్లిక్ చేసి మెజర్ డిస్టెన్స్ నొక్కి, రెండో ఎయిర్‌పోర్ట్ మీద క్లిక్ చేస్తే అదే చూపిస్తుంది, గీత వంకరగా వస్తే కంగారు పడకండి, పటం చదును కాబట్టి అలా వంకరగా కనపడుతుంది. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో రెండు ఎయిర్‌పోర్ట్ కోడ్లు కొడితే ఇంకా తేలిక.

కోడ్ల దగ్గర ఒక్క జాగ్రత్త. ఊరి పేరు కొట్టకుండా మూడక్షరాల కోడే కొట్టండి. హైదరాబాద్ అని కొడితే పాకిస్తాన్ సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది, కొన్ని సైట్లు దాన్ని కూడా చూపిస్తాయి, దాని కోడ్ హెచ్‌డీడీ, మనది హెచ్‌వైడీ. మన కోడ్ కూడా ఒకప్పుడు బేగంపేటది, 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక అటు మారింది. డాలస్‌లో కూడా రెండున్నాయి, విదేశాల నుంచి మనవాళ్ళు దిగేది డీఎఫ్‌డబ్ల్యూ, ఊళ్ళో ఉండే లవ్ ఫీల్డ్ వేరే.

ఇంకోటి, మైళ్ళు. కొన్ని చోట్ల మైళ్ళలో ఇస్తారు, కొన్ని చోట్ల నాటికల్ మైళ్ళలో. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852. మన 14,420 కిలోమీటర్లు మామూలు మైళ్ళలో దాదాపు 8,960, నాటికల్ మైళ్ళలో దాదాపు 7,800. ఈ రెండు నంబర్లు రెండు సైట్లలో చూసి ఏదో ఒకటి తప్పు అనుకునేవాళ్ళని చూశా నేను, రెండూ రైటే.

విమానం ఆ దారిలో పోతుందా అంటే

పోదు. మొదటి సంగతి, హైదరాబాద్ నుంచి డాలస్‌కి నాన్‌స్టాప్ విమానమే లేదు. 14,420 కిలోమీటర్లు ఎగరలేక కాదు, సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఏకబిగిన పోయే విమానం ఉంది. మన హైదరాబాద్ నుంచే 2021 జనవరిలో షికాగోకి నాన్‌స్టాప్ మొదలైంది, 13,300 కిలోమీటర్ల దూరం, కానీ తర్వాత ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు ఎక్కడో ఒకచోట దిగి మారాల్సిందే, దుబాయో, దోహానో, లండనో, ఫ్రాంక్‌ఫర్టో. అప్పుడు దూరం రెండు ముక్కలుగా లెక్కేసి కూడాలి.

దుబాయ్ మీదుగా అయితే హైదరాబాద్ దుబాయ్ 2,550, దుబాయ్ డాలస్ 12,920, మొత్తం 15,470. లండన్ మీదుగా అయితే 7,750, 7,630, మొత్తం 15,380. చూశారా, లండన్ మీదుగా అంటే చుట్టు తిరుగుడు అనిపిస్తుంది గానీ దుబాయ్ కంటే వంద కిలోమీటర్లు తక్కువే. ఎలా పోయినా సూటి దారి కంటే వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ, అంటే గంట పైన. కాబట్టి దూరం చూసి రూటు ఎంచుకోవడంలో పెద్ద లాభం లేదు, మధ్యలో ఎంతసేపు కూర్చోబెడతారు అన్నది చూసుకోవాలి.

రెండో సంగతి, ఆకాశంలో కూడా సరిహద్దులు, గొడవలు ఉంటాయి. ఉక్రెయిన్ యుద్ధం వల్ల 2022 నుంచి రష్యా మీదుగా అమెరికా, యూరప్ కంపెనీల విమానాలు పోవట్లేదు. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకి మూసేసింది, మనం కూడా వాళ్ళకి మూసేశాం, దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే కొన్ని విమానాలు చుట్టు తిరిగి వియన్నాలో ఆగి ఇంధనం నింపుకుని పోవాల్సి వచ్చింది. సైట్‌లో చూపించే కిలోమీటర్లు మారలేదు, గంటలు మాత్రం మారిపోయాయి. అందుకే దూరాన్ని బట్టి వేసే లెక్క అంచనాకి మాత్రమే, ఈ వారం నిజంగా ఎంత పడుతోందో తెలియాలంటే ఫ్లైట్‌రాడార్ 24 లోనో ఫ్లైట్‌అవేర్ లోనో ఆ ఫ్లైట్ నంబర్ కొట్టి గత వారం రోజుల్లో ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది చూడండి. అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి అదే, నేను టికెట్ కొనేముందే చూస్తా, రోజూ గంట లేటుగా దిగే విమానానికి గంటన్నర కనెక్షన్ పెట్టుకుని టికెట్ ఇస్తుంటారు కొందరు.

దూరం నుంచి టైం

పెద్ద జెట్లు, అంటే 777, 787 లాంటివి పైకెళ్ళాక గంటకి 900 కిలోమీటర్ల దాకా పోతాయి. దేశంలో తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటివి 830 దగ్గర. రెక్కల కింద పంకాలు తిరుగుతుంటాయే ఆ ఏటీఆర్‌లు 500 లోపే. దూరాన్ని ఈ వేగంతో భాగించి దానికి ఒక అరగంట నుంచి 40 నిమిషాలు కలపండి, టికెట్ మీద టైంకి దగ్గరగా వచ్చేస్తుంది. ఢిల్లీకి 1,260 కిలోమీటర్లు, 830తో భాగిస్తే గంటన్నర, 40 కలిపితే రెండుంబావు లోపు. టికెట్ మీద కూడా ఇంచుమించు అదే ఉంటుంది చూడండి.

ఆ 40 నిమిషాలు ఎందుకంటే, టికెట్ మీద టైం గాల్లోకి లేచే టైం కాదు. గేటు దగ్గర చక్రాల కింద అడ్డు తీసి కదిలినప్పటి నుంచి, అవతల గేటు దగ్గర ఆగి అడ్డు పెట్టేదాకా ఉన్న టైం. దాంట్లో రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, ముందు నాలుగు విమానాలుంటే ఆగడం, మెల్లగా పైకెక్కడం, అవతల దిగేముందు గిరికీలు కొట్టడం అన్నీ ఉంటాయి. పైగా కంపెనీలు లేటు పేరు రాకుండా నాలుగు నిమిషాలు ఎక్కువే వేసుకుంటాయి, అందుకే గాల్లో ఉండగా కెప్టెన్ పది నిమిషాలు ముందే దింపుతున్నాం అని గొప్పగా చెప్తుంటాడు. దగ్గర ఊళ్ళకి ఈ అదనపు టైమే ఎక్కువ, అందుకే విజయవాడ వైజాగ్‌లో సగం దూరమైనా ఏటీఆర్‌లో ఇంచుమించు గంట పడుతుంది, వైజాగ్‌కి జెట్‌లో గంటా పది.

ఇక పోయేటప్పుడు వచ్చేటప్పుడు తేడా. పాపికొండలు లాంచీ ఎక్కినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, రాజమండ్రి వైపు నుంచి పైకి ఎదురీదేటప్పుడు ఇంజన్ ఎంత మొత్తుకున్నా మెల్లగా పోతుంది, వచ్చేటప్పుడు గోదారే తోసుకొచ్చేస్తుంది. ఆకాశంలో కూడా పది కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి గాలి ఏరులాగా పారుతూ ఉంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు, చలికాలంలో ఇంకా జోరు. అందుకే హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలైతే తిరుగు దారిలో మూడున్నర. దుబాయ్ నుంచి డాలస్‌కి 16 గంటలు దాటుతుంది, డాలస్ నుంచి దుబాయ్‌కి పదిహేను లోపే. దూరం అదే, గంటన్నర తేడా.

గడియారం దగ్గరే అందరూ బోల్తా పడేది

టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే. బయల్దేరే టైం మన టైం, దిగే టైం వాళ్ళ టైం. దీన్నుంచి దాన్ని నేరుగా తీసేస్తే వచ్చేది ప్రయాణం టైం కాదు.

నేను పిన్నికి చెప్పిన చిట్కా ఒక్కటే, అన్నిటినీ మన గడియారంలోకి మార్చేయ్ అని. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, ఏడాది పొడవునా అంతే. లండన్ చలికాలంలో ఐదున్నర గంటలు వెనక, ఎండాకాలంలో నాలుగున్నర. డాలస్ ఎండాకాలంలో పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అమెరికా వాళ్ళు మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి తిప్పి నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పేస్తారు, యూరప్ వాళ్ళేమో మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం. కాబట్టి మార్చిలో రెండు మూడు వారాలు లండన్‌కీ డాలస్‌కీ మధ్య తేడా కూడా మారిపోయి ఉంటుంది. ఫీనిక్స్‌లో ఉండేవాళ్ళయితే అసలు మార్చరు, అరిజోనా రాష్ట్రంలో దాదాపు అంతా ఆ పద్ధతే లేదు. లండన్ చలికాలం టైం కావాలంటే ముళ్ళ గడియారం తలకిందులు చేసి చూస్తే చాలు, మన పన్నెండు ఆరున్నరగా కనపడుతుంది, పిల్లలకి చూపించండి సరదాగా ఉంటుంది.

పిన్ని టికెట్ ఇలా ఉంది. శనివారం పొద్దున 10:20కి హైదరాబాద్‌లో బయల్దేరి మధ్యాహ్నం 12:45కి దుబాయ్. అక్కడ 2:40కి బయల్దేరి అదే శనివారం రాత్రి 9:50కి డాలస్. పైపైన చూస్తే పొద్దున పదింటికి ఎక్కి రాత్రి పదింటికి దిగిపోయింది, పదకొండున్నర గంటలే కదా అనిపిస్తుంది. ఇప్పుడు మన టైంలోకి మార్చండి. దుబాయ్‌లో దిగేది మన 2:15కి, అంటే మొదటి ముక్క 3 గంటల 55 నిమిషాలు. మళ్ళీ ఎక్కేది మన సాయంత్రం 4:10కి, మధ్యలో గంటా 55 నిమిషాలు. డాలస్‌లో దిగేది ఎండాకాలం కాబట్టి పదిన్నర కలిపితే మన ఆదివారం పొద్దున 8:20కి, అంటే రెండో ముక్క 16 గంటల 10 నిమిషాలు. మొత్తం సరిగ్గా 22 గంటలు. మా చెల్లి చెప్పిన ఇరవై విమానాల్లో కూర్చునేది, ఏజెంట్ చెప్పిన ఇరవై రెండు దుబాయ్‌లో ఆగేదాంతో కలిపి.

తిరుగు టికెట్‌కి రివర్స్‌లో వస్తుంది. డాలస్‌లో సోమవారం మధ్యాహ్నం 12కి ఎక్కితే హైదరాబాద్‌లో మంగళవారం రాత్రి 9కి దిగేది. గడియారం చూస్తే 33 గంటలు, దాంట్లోంచి పదిన్నర తీసేస్తే 22 గంటల 30 నిమిషాలు. పడమరకి పోయేటప్పుడు రోజు సాగుతుంది, తూర్పుకి వచ్చేటప్పుడు రోజు మింగేస్తుంది. టికెట్ సైట్‌లో దిగే టైం పక్కన చిన్నగా +1 అని ఉంటుంది చూడండి, మర్నాడు దిగుతారు అని దానర్థం, +2 ఉంటే ఎల్లుండి. తీసుకురావడానికి వచ్చేవాళ్ళకి టికెట్ ఫార్వర్డ్ చేసేముందు ఆ చిన్న అంకె మీద ఒక గుండ్రం చుట్టి పంపండి.

అన్నిటికంటే పెద్ద బోల్తా అర్ధరాత్రి విమానాలు, నేనే పడ్డాను. టికెట్ మీద 12వ తేదీ 00:40 అని ఉంది. నేను 12వ తేదీ రాత్రి తీరిగ్గా భోంచేసి, అమ్మ పెట్టిచ్చిన గోంగూర పచ్చడి డబ్బాకి మూడు చుట్లు ప్లాస్టర్ వేసుకుని ఎయిర్‌పోర్ట్‌కి పోయా. గుమ్మం దగ్గర టికెట్ చూసినాయన పైకీ కిందకీ నన్ను ఓసారి చూసి "సార్, ఇది నిన్న రాత్రి వెళ్ళిపోయింది" అన్నాడు. 12వ తేదీ 00:40 అంటే 11 రాత్రి పడుకోకుండా పోవాల్సింది. డబ్బులన్నీ పోయాయి, పచ్చడి మిగిలింది. అప్పట్నుంచి రాత్రి పన్నెండు నుంచి నాలుగు మధ్య ఉన్న టికెట్ ఏది కొన్నా క్యాలెండర్‌లో ముందురోజు గడిలో రాసుకుంటా. మనకి గల్ఫ్ వైపు, యూరప్ వైపు పోయే విమానాలు ఎక్కువ అర్ధరాత్రి తెల్లవారుజామునే కాబట్టి ఇది చాలా ఇళ్ళల్లో జరిగేదే.

మధ్యలో ఆగే టైం ఎంత ఉండాలి

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే గంటన్నర రెండు గంటలు నడుస్తుంది, మొదటిది లేటైతే తర్వాత దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్ళదే, పెట్టెలు కూడా నేరుగా పోతాయి. తక్కువ వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు కొంటే ఆ బాధ్యత ఎవరిదీ కాదు, పెట్టెలు మీరే తీసుకుని మళ్ళీ చెకిన్ చెయ్యాలి, దానికోసం ఆ దేశంలోకి వెళ్ళాల్సొస్తే వీసా కూడా కావాలి. అలాంటప్పుడు నాలుగైదు గంటలు తక్కువ పెట్టుకోవద్దు. పెద్దవాళ్ళు ఒంటరిగా పోతుంటే ఒకే టికెట్ అయినా రెండున్నర మూడు గంటలు ఉన్నది తీస్కోండి, పిన్నిది 1:55 కాబట్టి మేము వీల్‌చెయిర్ పెట్టించాం, నడవలేక కాదు, దారి చూపించే మనిషి ఉంటాడని.

అమెరికాలో రెండో ఊరికి మారేవాళ్ళకి, అంటే షికాగోలో దిగి అక్కడ్నుంచి డాలస్ పోయేవాళ్ళకి ఇంకో లెక్క. మొదట దిగిన ఊళ్ళోనే ఇమిగ్రేషన్, మామూలుగా అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ ఇవ్వాలి. దానికి మూడు గంటలు లేకపోతే పరుగులే. అబుదాబి మీదుగా నేరుగా అమెరికా పోయే విమానాలకి మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే చేసేస్తారు, అవతల దిగాక లోకల్ విమానం దిగినట్టు బయటికి నడిచొచ్చేయొచ్చు, కానీ ఆ లైను అబుదాబిలో నిలబడాలి కాబట్టి అక్కడ టైం ఎక్కువ ఉండాలి.

సైట్లలో డైరెక్ట్ అని ఉంటే అది నాన్‌స్టాప్ అనుకోవద్దు. మధ్యలో ఒక ఊళ్ళో దిగి, మనుషుల్ని దింపి ఎక్కించుకుని అదే నంబర్‌తో పోయినా డైరెక్ట్ అనే అంటారు.

ఇంటి గుమ్మం లెక్క

వీధిలో ఆవిడ చెప్పిన రెండు రోజులు ఇక్కడుంది. మన ఊరి నుంచి శంషాబాద్ రావడం, దేశంలో అయితే రెండు గంటలు, విదేశానికైతే మూడు గంటలు ముందుండటం, అవతల దిగాక ఇమిగ్రేషన్, పెట్టెలు, కారు. వైజాగ్‌కే చూడండి, విమానం గంటా పదే, కానీ కూకట్‌పల్లి నుంచి ఔటర్ ఎక్కి శంషాబాద్‌కి గంట, అక్కడ రెండు గంటలు, అవతల దిగి పెట్టె తీసుకుని ఇంటికి పోయేసరికి గంట, మొత్తం ఐదు పైనే. వందే భారత్‌లో సికింద్రాబాద్ నుంచి వైజాగ్‌కి ఎనిమిదిన్నర గంటలు. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి అక్కడుంటారు. గంటా పది, పన్నెండు గంటలు అని పోల్చుకోకండి, ఐదు గంటలు, ఒక నిద్ర అని పోల్చుకోండి. నాకైతే నిద్రే నచ్చుతుంది, విమానం టికెట్ రేటు చూశాక ఇంకా నచ్చుతుంది.

పిన్ని శుక్రవారం రాత్రి పదింటికి భీమవరంలో కారెక్కింది. దారిలో టీకి రెండుసార్లు ఆగినా ఏడెనిమిది గంటలు, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కేస్తే ఊళ్ళోకి రాకుండానే శంషాబాద్ వెళ్ళిపోవచ్చు, ఆరింటికి చేరింది. డాలస్‌లో దిగాక బయటికి రావడానికి గంటన్నర, ఫ్రిస్కోలో ఇంటికి ముప్పావుగంట. మన గడియారంలో శుక్రవారం రాత్రి పది నుంచి ఆదివారం పొద్దున పదకొండు దాకా, 37 గంటలు. ఆ వీధిలో ఆవిడ మరీ ఎక్కువేం చెప్పలేదు.

ఈ టైములన్నీ మన టైంలో ఒక తెల్లకాగితం మీద రెండు కాపీలు రాశా. ఒకటి పిన్ని హ్యాండ్‌బ్యాగులో, షుగరు బిళ్ళలు ప్రయాణంలో మన టైం ప్రకారమే వేసుకోమని డాక్టర్ చెప్పారు కాబట్టి వాచీ మార్చకుండా ఉంచమన్నా, మీరు మీ డాక్టర్ని అడగండి. రెండోది బాబాయికి, ఫ్రిజ్ మీద అంటించా. 10:20 బయల్దేరింది, 2:15 దుబాయ్, 4:10 మళ్ళీ ఎక్కింది, ఆదివారం 8:20 డాలస్.

ఒక్క వరస రాయడం మర్చిపోయా. ఆదివారం 8:25కి బాబాయి ఫోను, "దిగిపోయి ఐదు నిమిషాలైందిరా, ఇంకా ఫోన్ చెయ్యలేదేంటి మీ పిన్ని?" దిగడం వేరు బాబాయ్, బయటికొచ్చి చెల్లి కనపడి ఫోన్ అందుకునేసరికి పది అవుద్ది అన్నా. పదీ పదికి చేసింది. మీరు రాసేటప్పుడు కిందన ఇంకో గీత గీసి, ఫోన్ ఎన్నింటికొస్తుందో కూడా రాసిపెట్టండి.